రాయడానికి ముందు చేయాల్సిన పని: మన ఊరి వ్యాసం గూగుల్‌లో కనిపించాలంటే

నెల్లూరు రొట్టెల పండుగ మీద నేను మొదటిసారి రాసిన వ్యాసాన్ని పండుగ మొదలైన రోజు పొద్దున్నే పెట్టాను. వారం రోజులు కూర్చుని రాసింది. బారాషహీద్ దర్గా చరిత్ర, స్వర్ణాల చెరువు, పన్నెండు మంది అమరుల గాథ, అన్నీ ఉన్నాయి. గూగుల్ ఆ పేజీని పట్టుకునేసరికి అయిదు రోజుల పండుగా అయిపోయింది. ఆ లోపల చదివిన కొద్దిమందిలో మా పిన్ని కూతురు ఒకతి. కావలి నుంచి ఫోన్ చేసి, "అంతా బాగుంది గానీ అక్కా, ఇంతకీ ఏ రోజు దాకా ఉంటది? ఆదివారం వస్తే రొట్టె దొరుకుద్దా?" అని అడిగింది. నేను రాసిన అన్ని పేజీల్లో ఆ మాటకు జవాబు లేదు.

ఆ ఫోన్ తర్వాత నా పద్ధతి మారింది. ఇప్పుడు ఒక వ్యాసానికి పది గంటలు పడితే, అందులో ఆరేడు గంటలు మొదటి వాక్యం రాయకముందే గడిచిపోతాయి. ఆ ఆరేడు గంటల్లో ఏం చేయాలో వరసగా చెప్తాను. ఉదాహరణగా రొట్టెల పండుగనే పట్టుకుంటాను. మీరు చేపల పులుసు మీద రాసినా, ఒంగోలు గిత్తల మీద రాసినా, పొదిలి పక్కన ఏదో గుడి మీద రాసినా పని ఇదే.

ముందు ప్రశ్నలు పోగేయండి

కంప్యూటర్ తెరవకండి. ఒక చిన్న నోటుబుక్కు, పెన్ను చాలు. మీరు రాయబోయే విషయం గురించి మనుషులు ఏం అడుగుతారో, వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. ఇక్కడ ముఖ్యమైంది వాళ్ళ మాటలు. మనం "వసతి సౌకర్యాలు" అనుకుంటాం. జనం "రాత్రికి యాడ పడుకోవాలి" అని అడుగుతారు. మనం "ప్రాశస్త్యం" అని ఉపశీర్షిక పెడతాం. వాళ్ళు "అసలు ఈ పండగ ఎందుకు చేస్తారు" అంటారు. నోటుబుక్కులో "ప్రాశస్త్యం" అని రాసుకుంటే ప్రశ్న చచ్చిపోతుంది.

నేను ఆ ఏడాది ఆర్టీసీ బస్టాండు బయట ఆటోలు ఆగే చోట ఒక గంట నిలబడ్డాను. పండుగ రోజుల్లో దర్గామిట్టకు జనాన్ని తిప్పే ఆటో అన్నలకు తెలిసినన్ని ప్రశ్నలు ఇంకెవరికీ తెలియవు. రోజుకు వందసార్లు వింటారు కదా. ఒకాయన గుక్క తిప్పుకోకుండా చెప్పాడు: "పెళ్ళి రొట్టె యాడిస్తారన్నా, చెరువులో లోతెంత, పిల్లల్ని దించొచ్చా, హిందువులు పోవచ్చా, బండి యాడ పెట్టుకోవాలి, తిరిగి రైలుకు అందుకుంటామా... ఇయ్యేనమ్మా." ఆ ఒక్క మాటలో నాకు ఆరు ఉపశీర్షికలు దొరికాయి.

ఆటో స్టాండు వీలుకాకపోతే కుటుంబ వాట్సాప్ గ్రూపులో అడగండి. "ఫలానాది గురించి మీకు తెలుసుకోవాలని ఉన్నదేమిటి?" అని అడిగితే ఎవరూ మాట్లాడరు. "రేపు మీరు వెళ్తున్నారనుకోండి, ముందు ఏం అడుగుతారు?" అంటే వరసగా వస్తాయి. కనీసం పదిహేను ప్రశ్నలు అయ్యేదాకా ఆగండి. పదిహేను రాలేదంటే ఆ విషయం వ్యాసానికి సరిపోదనో, మీరు అడగాల్సినవాళ్ళను ఇంకా అడగలేదనో అర్థం. నా అనుభవంలో ఎక్కువసార్లు రెండోదే.

తర్వాత ఫోను తీయండి

క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరవండి. మామూలుగా వెతికితే మీరు ఇంతకుముందు వెతికినవాటి ప్రభావం ఫలితాల మీద పడుతుంది. ఇన్‌కాగ్నిటోలో అది తగ్గుతుంది. ఇప్పుడు "రొట్టెల పండుగ" అని కొట్టి, ఎంటర్ నొక్కకుండా ఆగండి. కింద వచ్చే సూచనలన్నీ జనం నిజంగా వెతికిన మాటల నుంచి వచ్చినవే. అవన్నీ నోటుబుక్కులో ఎక్కించండి. తర్వాత ఒక ఖాళీ వదిలి "ఎ" కొట్టండి, "ఎప్పుడు" లాంటివి వస్తాయి. "క" కొట్టండి, "చ" కొట్టండి. పది నిమిషాల పని, డబ్బు ఖర్చు లేదు.

ఇదే పని మూడు రకాలుగా చేయాలి. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది తెలుగు రచయితలు నష్టపోతున్నారు. తెలుగువాళ్ళు తెలుగు లిపిలో వెతుకుతారు, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు మాటలు కొట్టి వెతుకుతారు, పూర్తిగా ఇంగ్లిష్‌లోనూ వెతుకుతారు. మూడింటికీ సూచనలు వేరు, ఫలితాలు వేరు. తెలుగు లిపిలోనూ కొందరు "పండుగ" అంటారు, కొందరు "పండగ" అంటారు. శీర్షికలో ఒక రూపం వాడితే, రెండోది వ్యాసంలో ఎక్కడో సహజంగా రానివ్వండి. బలవంతంగా ప్రతి పేరాలో దూర్చవద్దు, చదివేవాళ్ళకు ఆ కూరుడు వెంటనే తెలిసిపోతుంది.

అక్షరాల సంగతి వచ్చింది కాబట్టి ఒక ముచ్చట చెప్పాలి. ఏ మాటను ఎప్పుడు, ఎక్కడ ఎక్కువగా వెతుకుతున్నారో చూపించే గూగుల్ ట్రెండ్స్‌లో ప్రపంచం మొత్తాన్ని ఎంచుకుని, నెల్లూరు పేరును ఇంగ్లిష్‌లో ఒక "ఎల్" తగ్గించి కొట్టి చూడండి. పటంలో బ్రెజిల్ వెలుగుతుంది! అక్కడ పెరిగే నెలోరే జాతి పశువులు మన ఒంగోలు జాతి నుంచి పుట్టినవే, వాటికి పేరు మాత్రం నెల్లూరుది పెట్టుకున్నారు. ఒంగోలు గిత్తల మీద ఇంగ్లిష్‌లో సమాచారం వెతికేవాళ్ళకు ఈ అక్షరం తేడా తెలిస్తే ఒక ఖండం తలుపు తెరుచుకుంటుంది. తెలియకపోతే నెల్లూరు మీద లెక్కలు తీస్తున్నామనుకుని బ్రెజిల్ పశువుల లెక్కలు తీసుకుంటారు.

ట్రెండ్స్‌లో కనిపించే 0 నుంచి 100 దాకా అంకెలు వెతికినవాళ్ళ సంఖ్య కాదు. మీరు ఎంచుకున్న కాలంలో అత్యధికంగా వెతికిన సమయాన్ని 100గా పెట్టి మిగతావి దానితో పోల్చి చూపిస్తారు. తెలుగు లిపిలో కొట్టిన చాలా మాటలకు సరిపడా డేటా లేదని వస్తుంది. టెన్షన్ పడకండి. తక్కువమంది వెతికే ప్రశ్నకు మంచి జవాబు రాసినవాళ్ళూ తక్కువే ఉంటారు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకు చోటు దొరికేది అక్కడే. ఏ మాటను నెలకు ఎన్నిసార్లు వెతుకుతారో చెప్పే కీవర్డ్ ప్లానర్ కూడా ఉంది, దానికి గూగుల్ యాడ్స్ ఖాతా కావాలి. ప్రకటనలకు డబ్బు పెట్టనివాళ్ళకు అది కచ్చితమైన అంకె ఇవ్వదు, వంద నుంచి వెయ్యి అన్నట్టు ఒక అంచనా చూపిస్తుంది. మొదట్లో దాని జోలికి పోకపోయినా ఫరవాలేదు.

ఇప్పుడు ఎంటర్ నొక్కండి. ఫలితాల మధ్యలో కొన్ని ప్రశ్నలు పెట్టెల్లా ఉంటాయి, బాణం నొక్కితే తెరుచుకుంటాయి. ఒకటి తెరిస్తే కింద ఇంకో రెండు మూడు పుడతాయి. వాటినీ ఎక్కించండి. ఆటో అన్న చెప్పిన ప్రశ్న, గూగుల్ చూపిన ప్రశ్న ఒకటే అయిన చోట ఎర్ర సిరాతో చుక్క పెట్టుకోండి. మీ వ్యాసానికి వెన్నెముక అవే.

మాట వెనక మనిషిని చూడండి

ఒకే మాటను ఇద్దరు రెండు పనుల కోసం వెతకవచ్చు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ తీసుకోండి. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి, ఆ రాయికి ప్రపంచమంతా గిరాకీ ఉంది. "గెలాక్సీ గ్రానైట్" అని వెతికే ఒకామె వంటగట్టు వేయించుకోబోతున్న ఇల్లాలు. ఆమెకు అడుగు ఎంత పడుతుంది, మందం ఎంత తీసుకోవాలి, నూనె మరక పోతుందా అన్నవి కావాలి. ఇంకొకడు భూగర్భశాస్త్రం చదివే కుర్రాడు, ఆ చుక్కలు ఎందుకు వచ్చాయో తెలుసుకోవాలి. మూడో ఆయన ఎగుమతి వ్యాపారి. ముగ్గురికీ కలిపి ఒక వ్యాసం రాస్తే ముగ్గురూ సగంలో లేచిపోతారు.

ఎవరి కోసం రాయాలో తేల్చుకోవడానికి మొదటి పేజీ ఫలితాలే సాక్ష్యం. అన్నీ అమ్మకం పేజీలైతే వెతికేవాళ్ళు కొనడానికి వచ్చారని గూగుల్‌కు అర్థమైనట్టు. అక్కడ చరిత్ర వ్యాసంతో పోటీకి దిగితే పైకి రావడం కష్టం. అన్నీ వీడియోలైతే, జనానికి చూడాలని ఉందన్నమాట. చేపల పులుసుకు అదే జరుగుతుంది. అలాంటప్పుడు ఫొటోలు ఎక్కువ పెట్టండి, లేదా వీడియోలో చెప్పనిదాని మీద రాయండి. మామిడికాయ ముక్కలు ఎప్పుడు వేయాలి, పులుసు మర్నాటికి రుచి ఎందుకు పెరుగుతుంది, చేప ముక్క విరగకుండా గరిటె పెట్టకుండా దాకను ఎలా తిప్పాలి, ఇలాంటివి. పొయ్యి దగ్గర తడి చేత్తో ఫోను పట్టుకున్న మనిషికి మీ చిన్ననాటి జ్ఞాపకాలు ముందు వద్దు, కిలో చేపకు చింతపండు ఎంతో ముందు కావాలి.

ఇప్పటికే ఉన్నవి చదవండి, తర్వాత ఊళ్ళోకి వెళ్ళండి

మొదటి పేజీలో ఉన్న పది వ్యాసాలూ పూర్తిగా చదవండి. నోటుబుక్కులో పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమ పక్క అందరూ చెప్పినవి, కుడి పక్క ఎవరూ చెప్పనివి రాయండి. రొట్టెల పండుగకు ఎడమ పక్క నిండిపోయింది. ముహర్రం నెలలో జరుగుతుంది, కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు, చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె ఉంటాయి. కుడి పక్క మాత్రం ఖాళీగా మొదలై మెల్లగా నిండింది. మోకాలి లోతు నీళ్ళలో అంతమందిలో మనకు కావలసిన రొట్టె ఎవరి చేతిలో ఉందో ఎలా తెలుస్తుంది? ఎవరూ రాయలేదు.

దానికి జవాబు కుర్చీలో కూర్చుంటే రాదు. నేను వెళ్ళి నీళ్ళలో నిలబడ్డాను. ఒక పెద్దావిడ కొంగు నడుముకు దోపుకుని, తడి చేతుల్లో మడిచిన రొట్టె పట్టుకుని "ఉద్యోగం రొట్టె, ఉద్యోగం రొట్టె" అని పిలుస్తోంది. కూరగాయల బండి దగ్గర పిలిచినట్టు గట్టిగా, ఆపకుండా. కావలసినవాళ్ళు ఆ పిలుపు విని నీళ్ళు తోసుకుంటూ వస్తారు. ఒక కుర్రాడు వచ్చి రెండు చేతులూ చాచాడు. ఆవిడ సగం తుంచి ఇచ్చి, "మా అబ్బాయికి వచ్చింది నాయనా, నీకూ వస్తుంది" అంది. నా వ్యాసంలో జనం ఎక్కువగా ఆగి చదివేది ఈ పేరానే. ఎలా తెలుసుకోవాలన్న ప్రశ్నకు సూటి జవాబూ ఇందులోనే ఉంది: పిలుపు వినాలి.

గూగుల్ తన నాణ్యతా మార్గదర్శకాల్లో నైపుణ్యం, ప్రామాణికత, విశ్వసనీయత అనే మూడింటికి 2022 డిసెంబర్‌లో అనుభవం అనే నాలుగోదాన్ని చేర్చింది. రాసినవాళ్ళు ఆ పని స్వయంగా చేశారా, ఆ చోటికి వెళ్ళారా అన్నది అందులో చూస్తారు. ఇప్పుడు ఫలితాల పైనే ఏఐ ఒక సారాంశం ఇచ్చేస్తోంది కూడా. ఎడమ పక్క రాసుకున్న సంగతులన్నీ ఆ సారాంశంలోనే దొరికిపోతాయి. మీ పేజీ తెరవడానికి కారణం కుడి పక్కనే ఉంటుంది. మన ఊళ్ళో ఉండి రాసేవాళ్ళకు ఇది పెద్ద బలం, ఎక్కడో కూర్చుని పది పేజీలు చూసి పదకొండోది రాసేవాళ్ళకు ఇది దొరకదు.

ప్రతి వివరం ఒకసారి తట్టి చూడండి

నేలపట్టు పక్షుల కేంద్రం నెల్లూరు జిల్లాలో ఉందని ఇప్పటికీ ఎన్నో పేజీల్లో రాసి ఉంది. గూడబాతులు గూళ్ళు కట్టే ఆ చోటు 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. అదే రోజు చీరాల ప్రకాశం నుంచి బాపట్లలోకి వెళ్ళింది. ఒకరి పేజీ చూసి ఇంకొకరు రాయడం వల్ల పాత వివరం అలా తిరుగుతూనే ఉంటుంది. జిల్లా హద్దులు, బస్సు వేళలు, ప్రవేశ రుసుములు, కలెక్టరేట్ సేవలు, ఇవి ఎప్పుడైనా మారేవి. వీటిని రాసే రోజున జిల్లా అధికారిక సైట్‌లోనో, నేరుగా ఆ చోటికి ఫోన్ చేసో సరిచూసుకోండి. వ్యాసంలో "ఫలానా నెలలో కనుక్కున్న వివరం" అని ఒక ముక్క పెట్టండి. చదివేవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని డబ్బు ఖర్చుపెట్టి బయల్దేరతారు, మన తప్పుకు వాళ్ళు రోడ్డు మీద నిలబడాల్సి వస్తుంది.

ఒక్క కాగితం మీద ప్లాన్

ఇప్పుడు నోటుబుక్కులోంచి ఒక్క పేజీలోకి దించండి. నా రెండో ఏడాది ప్లాన్ ఇలా ఉంది:

శీర్షిక: నెల్లూరు రొట్టెల పండుగ ఎప్పుడు, ఎలా వెళ్ళాలి, రొట్టె ఎలా తీసుకోవాలి
మొదటి పేరా: తేదీలు, చోటు, ఎన్ని రోజులు. మూడు వాక్యాలు మించకూడదు.
తర్వాత: కావలసిన రొట్టె ఎలా దొరుకుతుంది (నీళ్ళలో పెద్దావిడ)
తర్వాత: పిల్లలతో, పెద్దవాళ్ళతో వస్తే
తర్వాత: బస్టాండు నుంచి, రైల్వే స్టేషన్ నుంచి దారి, బండి పెట్టే చోటు
తర్వాత: అందరూ రావచ్చా (అవును, అన్ని మతాలవాళ్ళూ వస్తారు)
చివర: దర్గా చరిత్ర

మొదటి ఏడాది పైన ఉన్న చరిత్ర చివరికి వెళ్ళింది. దాన్ని తీసేయలేదు, అది నాకు చాలా ఇష్టమైన భాగం. తేదీ తెలిసి, దారి తెలిసి మనసు కుదుటపడినవాళ్ళు దాన్ని ప్రేమగా చదువుతున్నారు.

శీర్షికలో ముఖ్యమైన మాట ముందు పెట్టండి, ఫోన్ తెర మీద చివరి మాటలు తెగిపోతాయి. పేజీ చిరునామా ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్నగా ఉంచండి. తెలుగు అక్షరాల చిరునామాను కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే చాలాసార్లు శాతం గుర్తులు, అంకెల చాంతాడులా మారిపోతుంది, దాన్ని నొక్కడానికి జనం భయపడతారు. చిరునామాలో సంవత్సరం పెట్టకండి, ఎందుకో కింద చెప్తాను. ఫొటోలు మీవే పెట్టండి, సైజు తగ్గించి పెట్టండి, ప్రతి ఫొటోకూ అందులో ఏముందో ఒక వాక్యం రాయండి. మెటా కీవర్డ్స్ పెట్టెలో (చదివేవాళ్ళకు కనిపించకుండా పేజీ వెనక రాసే మాటలు) యాభై మాటలు నింపమని ఎవరైనా చెబితే వినకండి, ర్యాంకింగ్‌కు దాన్ని వాడడం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. ఇన్ని పదాలుంటేనే పైకి వస్తుందన్న లెక్కా లేదు. ఎర్రచుక్క ప్రశ్నలన్నిటికీ జవాబు అయిపోతే వ్యాసం అయిపోయినట్టే.

క్యాలెండర్ ముందు పెట్టుకోండి

నేను మొదటి ఏడాది ఘోరంగా తప్పింది ఇక్కడే. కొత్త పేజీని గూగుల్ చేర్చుకోవడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టవచ్చు. సెర్చ్ కన్సోల్‌లో (మన సైట్ గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో చూపించే గూగుల్ వాళ్ళ ఉచిత సాధనం) పేజీ చిరునామా ఇచ్చి చేర్చుకోమని అడగవచ్చు, అయినా వెంటనే అవుతుందన్న హామీ లేదు. అందుకని జనం వెతకడం మొదలుపెట్టే రోజుకు కనీసం రెండు నెలల ముందు పేజీ ఉండాలి.

రొట్టెల పండుగ చాంద్రమానం ప్రకారం వస్తుంది కాబట్టి ఇంగ్లిష్ క్యాలెండర్‌లో ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో జూలై 17న మొదలైంది, 2025లో జూలై 6న. కచ్చితమైన రోజు నెలవంకను బట్టి తేలుతుంది. కాబట్టి ముందు అంచనా తేదీ అని స్పష్టంగా రాసి పెట్టండి, అధికారికంగా ప్రకటించగానే సరిచేయండి. నేలపట్టు మీద రాస్తే అక్టోబర్‌లో పక్షులు రాకముందే, అంటే ఆగస్టులోనే సిద్ధంగా ఉండాలి.

ఏటా కొత్త పేజీ తెరవకండి. ఉన్న పేజీలోనే తేదీలు, దారులు, ఫొటోలు మార్చండి. చిరునామాలో సంవత్సరం వద్దన్నది ఇందుకే. ఆ పేజీకి ఏళ్ళ తరబడి వచ్చిన లింకులు, పేరు అన్నీ ఒక్క చోటే కూడుతాయి.

పెట్టిన తర్వాత

నెలకోసారి సెర్చ్ కన్సోల్‌లో జనం ఏ మాటలు వెతికితే మీ పేజీ కనిపించిందో చూడండి. ఎక్కువసార్లు కనిపించి తక్కువమంది నొక్కితే శీర్షిక మార్చి చూడండి. స్థానం పది నుంచి ఇరవై మధ్య ఉన్న ప్రశ్నల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి, ఒక మంచి పేరా చేరిస్తే మొదటి పేజీలోకి వచ్చే అవకాశం ఉన్నవి అవే. మీరు జవాబే రాయని ప్రశ్నలు కూడా ఆ జాబితాలో ఉంటాయి, వాటిని అస్సలు వదలకండి.

పోయిన పండుగ ముందు నాకు అలాంటిది ఒకటి కనిపించింది. ఇంగ్లిష్ అక్షరాల్లో, "రొట్టెల పండగకి రొట్టె మనమే తీసుకెళ్ళాలా". ఆటో అన్న చెప్పలేదు, నాకూ తోచలేదు. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకు రాని ప్రశ్న అది. దర్గా వీధిలో పూలమ్మే ఆవిడను అడిగాను. "మొదటిసారి వచ్చేవాళ్ళు ఉత్త చేతులతో వచ్చినా ఏం కాదమ్మా, తీసుకుని తింటే చాలు. అనుకున్నది అయినాక మళ్ళా వచ్చి ఇయ్యాల" అంది. ఆ మాటను ఉన్నదున్నట్టు తేదీల కింద, రెండో పేరాగా పెట్టాను.